వాల్ట్జ్‌లో బరువైన పని ఎడమచేతిది

ప్రశ్న: నమస్కారమండీ. నాకు నలభై రెండేళ్లు, విశాఖలో ఉంటాం. చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. వర్ణాల దాకా వచ్చాక పెళ్లితో ఆగిపోయింది. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి కోసం 88 కీల డిజిటల్ పియానో కొన్నాం. అది మానేసింది, నేను పట్టుకున్నాను. ఆన్‌లైన్‌లో ఒక మేడమ్ దగ్గర క్లాసులు తీసుకుంటున్నాను. పాశ్చాత్య స్వరకర్త షోపాన్ రాసిన ఏ మైనర్ వాల్ట్జ్ పూర్తయ్యాక, అదే ఉత్సాహంలో ఆయనదే సి షార్ప్ మైనర్ వాల్ట్జ్, ఓపస్ (ప్రచురణ సంఖ్య) 64లో రెండోది, మొదలుపెట్టాను. ఆర్నెల్లయింది. నోట్స్ అన్నీ వచ్చాయి. కానీ ఎడమచేయి కింది నోట్ నుంచి పై కార్డ్‌కి (కలిపి నొక్కే స్వరాల గుంపుకి) దూకినప్పుడల్లా పక్క కీ మీద పడుతోంది. తప్పు పడని రోజున కూడా వినడానికి బాగుండదు. "పెళ్లి బ్యాండ్‌లా ఉందమ్మా" అంటుంది మా అమ్మాయి. మేడమేమో "రుబాటో రావాలి, ఫీలవ్వండి" అంటారు. రుబాటో అంటే పాటని అక్కడక్కడ కాస్త సాగదీసి, మళ్ళీ దగ్గరికి తేవడమట. ఎక్కడ ఫీలవ్వాలో నాకు అర్థం కాదు. పోయిన వారం దీన్ని పక్కనపెట్టి కొన్నాళ్లు షూబర్ట్ చిన్న వాల్ట్జులు వాయించమన్నారు. వెనక్కి పంపినట్టు అనిపించి ఏడుపొచ్చింది. మూడు నెలల్లో మా అన్నయ్యావాళ్ల పెళ్లి రజతోత్సవం. అక్కడ ఇది వాయిస్తానని అందరికీ చెప్పేశాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఈ వయసులో ఇది నాకు వస్తుందంటారా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

మీ అమ్మాయి మాటతోనే మొదలుపెడతాను. ఈ ఉత్తరం మొత్తంలో జబ్బేమిటో సరిగ్గా చెప్పింది తనొక్కతే. బ్యాండ్‌లో డ్రమ్ము మీద ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది. మీ ఎడమచేయి కూడా అదే చేస్తోందని నా అనుమానం. కింద బేస్ నోట్, పైన కార్డ్, మళ్ళీ కార్డ్, మూడూ ఒకే బలంతో వినిపిస్తున్నాయన్నమాట. వాల్ట్జ్ అంటే బారుకి, అంటే షీట్ మీద రెండు నిలువుగీతల మధ్య భాగానికి, మూడు బీట్లని ఏ పుస్తకమైనా చెబుతుంది. ఆ మూడూ సమానం కావన్న సంగతి మాత్రం కాగితం మీద కనిపించదు. మొదటి బీట్ మీద అడుగు పడుతుంది. మిగతా రెండింట్లో ఆ అడుగు ఇచ్చిన ఊపుతో ఒళ్లు తిరుగుతుంది.

ఇది డాన్స్ నుంచి వచ్చిన సంగతి. ఇవాళ్టి బాల్‌రూమ్ పోటీల్లో వియన్నా వాల్ట్జ్ వేగం నిమిషానికి దాదాపు 60 బార్లు. అంటే సెకనుకి ఒక బారు. ఆ వేగంలో తిరుగుతూ ఒకటి, రెండు, మూడు అని ఎవరు లెక్కపెడతారు? బారుకి ఒక ఊపు, అంతే. మీరు వాయిస్తున్నది అంత వేగంగా నడవదు. అసలు డాన్స్ కోసం రాసిందీ కాదు. షోపాన్ 1830 చివర్లో వియన్నా వెళ్లి కొన్ని నెలలు ఉన్నాడు. పెద్ద స్ట్రాస్, లానర్ అనే ఇద్దరు డాన్స్ వాల్ట్జుల రచయితలు ఆ ఊరిని ఏలుతున్న రోజులవి. ఇక్కడ వాల్ట్జులనే రచనలంటారు అని ఇంటికి రాసిన ఉత్తరంలో దెప్పిపొడిచాడు కూడా. తర్వాత పారిస్‌లో స్థిరపడి తను రాసిన వాల్ట్జులు కూర్చుని వినేవాళ్ల కోసం. 1847లో అచ్చయిన మీ ఓపస్ 64 నాటికి అవి డాన్స్ హాలుకి చాలా దూరం వచ్చేశాయి. అయినా బారుకొక ఊపు అన్నది పోతే మిగిలేది వాల్ట్జ్ కాదు.

మీకు కర్ణాటక సంగీతం వచ్చు కాబట్టి ఒక దగ్గరి దారి చెబుతాను. మూడు బీట్లు అనగానే మీ మనసు రూపకతాళం వేస్తోంది అనుకుంటాను. రెండు దెబ్బలు, ఒక విసురు, మూడూ స్పష్టంగా. దాన్ని మరిచిపోయి ఆదితాళం వేయండి, తిశ్రగతిలో, అంటే అక్షరానికి మూడు లెక్కన. ఒక్కో అక్షరానికి ఒక్కో బారు. మీ గురువుగారు వర్ణాన్ని తిశ్రంలో పాడించి ఉంటే ఇది మీకు కొత్తేమీ కాదు. షోపాన్ వాల్ట్జుల్లో వాక్యాలు ఎక్కువగా ఎనిమిదేసి బార్లవి. ఎనిమిది బార్లంటే సరిగ్గా ఒక ఆవర్తనం. మీ సి షార్ప్ మైనర్‌లో ఒక్కో భాగం 32 బార్లు, అంటే నాలుగు ఆవర్తనాలు. మొదటి భాగమైనా, పరుగులాంటి రెండో భాగమైనా, నెమ్మదైన మధ్యభాగమైనా కొలత అదే.

పియానో మూసేసి సోఫాలో కూర్చుని తాళం వేస్తూ కుడిచేతి పాటను నోటితో పాడండి. రెండు స్వరాలు కలిసి నడిచేచోట పై స్వరం చాలు. శ్రుతి ఎత్తైతే ఒక స్థాయి కిందికి దించుకోండి. ఐదో అక్షరం దగ్గర, ద్రుతం మొదటి దెబ్బ పడేచోట, వాక్యంలో రెండో సగం మొదలవడం మీకు వినిపిస్తుంది. అది ఒకసారి ఒంటికి పట్టాక పియానో ముందు కూర్చుంటే చేతులు వేరేగా కదులుతాయి. మెట్రోనోమ్ కూడా అలాగే పెట్టుకోండి. బీట్‌కి కాదు, బారుకి ఒక క్లిక్. నిమిషానికి 30 దగ్గర మొదలుపెట్టి, హడావుడి లేకుండా 45 దాకా తీసుకెళ్లండి. మొదటి రెండు మూడు రోజులు క్లిక్కుల మధ్య ఖాళీ చాలా పెద్దదిగా అనిపించి భయం వేస్తుంది. ఆ ఖాళీని మీరే నింపుకోవాలి, అందుకే ఈ పద్ధతి పనిచేస్తుంది.

ఇక దూకడం సంగతి. తప్పు కీ మీద పడుతోందంటే చేయి దారి తెలియక కాదు, ఆలస్యంగా బయల్దేరుతోంది కాబట్టి. చాలామంది బేస్ నోట్ నొక్కాక దాని మీదే కాసేపు ఉండి, రెండో బీట్ మీదకొచ్చేసరికి ఒక్కసారిగా ఎగురుతారు. చిటికెన వేలు బేస్ నోట్‌ని తాకి వదిలేయాలి. మోతని నిలబెట్టే పని పెడల్ చూసుకుంటుంది. నొక్కిన మరుక్షణం చేయి కార్డ్ మీద ఉండాలి, రెండో బీట్ రాకముందే.

దీనికి ఒక సాధన ఉంది. చూడ్డానికి పిచ్చిగా ఉంటుంది కానీ ఇంతకంటే మంచిది నాకు తెలియదు. బేస్ నోట్ వాయించండి. వెంటనే కార్డ్ మీదకి వెళ్లి మూడు వేళ్లూ కీల మీద ఆన్చి ఆగండి, నొక్కొద్దు. సరైన కీల మీద ఉన్నాయా అని కళ్లతో చూసుకోండి. ఉంటే అప్పుడు నొక్కండి. లేకపోతే నొక్కకుండా వెనక్కి వెళ్లి మళ్ళీ మొదటి నుంచి. తప్పు కార్డ్ మోగకుండా ఉండటమే ఇందులో కిటుకు. చెవికి తప్పు వినిపించి, తర్వాత దిద్దుకోవడం అలవాటైతే చేతులు ఆ తప్పుని కూడా కలిపి నేర్చుకుంటాయి. రోజుకి ఎనిమిది బార్లు చాలు. చేయి గాల్లో ఇంద్రధనుస్సులా పైకి లేవకూడదు, కీల మీదుగా పక్కకి జరగాలి. కళ్లు ఎడమచేతి మీదే ఉంచండి. ఆర్నెల్లుగా వాయిస్తున్నారు కదా, కుడిచేయి చూడకుండానే వెళ్లగలదు. వెళ్లలేని చోటు ఉంటే కుడిచేతి పాట అక్కడ ఇంకా రాలేదన్నమాట, అదీ తెలుస్తుంది.

తర్వాత కార్డులన్నీ తీసేసి బేస్ నోట్లు మాత్రం వాయిస్తూ, కుడిచేతి పాట కలపండి. బేస్ నోట్లు వాటికవే ఒక పాట. అవి ఎక్కడ మెట్టు మెట్టుగా దిగుతున్నాయో, ఎక్కడ ఉన్నచోటే ఉండిపోయాయో విన్నాక కార్డులు పెట్టండి. ఇన్నాళ్లూ కుడిచేయే పాట, ఎడమచేయి కేవలం తోడు అనుకుని ఉంటారు. ఇది చేశాక ఆ అభిప్రాయం మారుతుంది.

బ్యాండ్ మోతకి ఇంకో కారణం కూడా ఉంది. క్లాసుల్లో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు ఎందుకో. ఎడమచేత్తో కార్డ్ పట్టుకున్నప్పుడు అందులో పై స్వరం బొటనవేలి కింద ఉంటుంది. చేతిలో అన్నిటికంటే బరువైన వేలు అదే. మీరు కార్డ్‌ని మెల్లగా నొక్కాననుకున్నా ఆ ఒక్క స్వరం ముందుకొచ్చి కుడిచేతి పాటకి అడ్డం పడుతుంది. ఒకసారి కార్డులు మాత్రం వాయించి బొటనవేలు వినండి. తర్వాత దాన్ని కీ పైనుంచి కొట్టకుండా, ముందే కీ మీద ఉంచి కిందికి దించండి. రెండో బీట్ మెల్లగా, మూడోది ఇంకా మెల్లగా, దాదాపు వినీ వినిపించనట్టు. డిజిటల్ పియానోలో టచ్ సెట్టింగ్ 'లైట్' మీద ఉంటే దాన్ని మార్చేయండి. లైట్ టచ్‌లో ఏది నొక్కినా గట్టిగా మోగుతుంది, ఈ తేడాలు నేర్చుకోవడానికి అది పనికిరాదు.

పెడల్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. బేస్ నోట్ మీద నుంచి చిటికెన వేలు లేవకముందే పెడల్ దిగి ఉండాలి. చేయి దూకాక పెడల్ నొక్కితే అప్పటికే బేస్ పోయింది, పెడల్ పట్టుకునేది కార్డ్‌నే. అలాంటప్పుడు కింద నేల లేనట్టు వినిపిస్తుంది సంగీతం. మొదటి భాగంలో రెండో బీట్ దాకా పట్టి మూడో బీట్ దగ్గర వదిలి చూడండి, ఆ చిన్న ఖాళీతో బారు పైకి లేస్తుంది. మధ్యభాగంలో బారంతా పట్టుకోవచ్చు, బేస్ మారినప్పుడల్లా మార్చాలి. అచ్చులో ఉన్న పెడల్ గుర్తుల్ని అక్షరాలా పాటించనక్కర్లేదు. షోపాన్‌కి ఇష్టమైన ప్లేయెల్ పియానోల్లో మోత ఇప్పటి పెద్ద పియానోల్లో ఉన్నంతసేపు నిలిచేది కాదు. ఆయన కాలంలో శుభ్రంగా వినిపించింది ఇప్పుడు బురదగా వినిపించొచ్చు.

షూబర్ట్ దగ్గరికి వద్దాం. మీకు ఏడుపు తెప్పించినా మీ మేడమ్ చెప్పింది సరైన మాటే, చెప్పిన తీరు ఎలా ఉందో నాకు తెలియదు గానీ. అది వెనక్కి పంపడం కాదండీ. షూబర్ట్ వియన్నాలో పుట్టి పెరిగినవాడు. స్నేహితుల ఇళ్లలో వాళ్లు డాన్స్ చేస్తుంటే తను పియానో దగ్గర కూర్చుని వాల్ట్జులు వాయించేవాడు. 1821లో ఓపస్ 9గా 36 చిన్న డాన్సులు అచ్చయ్యాయి, ఇప్పుడు షూబర్ట్ రచనల జాబితాలో వాటి సంఖ్య డి 365. చాలావరకు ఒక్కోటి పదహారు బార్లు, ఎనిమిది ఎనిమిదిగా, మళ్ళీ మళ్ళీ వాయించేలా. వాటిలో రెండోదాన్ని జనం ఎంత ఇష్టపడ్డారంటే ఒక దశలో అది బీథోవెన్‌దని కూడా చలామణి అయింది. అంత చిన్న రచనలో కుడిచేతికి పెద్ద పని ఉండదు. కాబట్టి మీ చెవి మొత్తం ఎడమచేతి మీద పెట్టొచ్చు. ఇప్పుడు మీకు కావాల్సింది అదే. ఇవాళ ఒకటి మొదలుపెడితే వారాంతానికి చేతికొచ్చేస్తుంది, ఆర్నెల్లు ఒకేదానితో కుస్తీ పట్టినవాళ్లకి ఆ సంతోషం చాలా అవసరం. షీట్ మ్యూజిక్ డబ్బు పెట్టి కొనక్కర్లేదు, కాపీరైట్ తీరిపోయినవి కాబట్టి ఐఎంఎస్‌ఎల్‌పీ అనే షీట్ మ్యూజిక్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అయితే సి షార్ప్ మైనర్‌ని పూర్తిగా పక్కనపెట్టమన్న మాట దగ్గర నేను మేడమ్‌తో ఏకీభవించను. మూడు నెలల గడువు ఉంది మీకు. రోజూ ముందు షూబర్ట్ పావుగంట, తర్వాత షోపాన్‌లో పైన చెప్పిన ఎనిమిది బార్లు. మొత్తం రచనని మొదటి నుంచి చివరి దాకా వాయించడం మాత్రం ఒక నెల ఆపేయండి. ఆర్నెల్లుగా మీ చేతులు తప్పుల్ని కూడా బట్టీపట్టాయి. అవి పోవాలంటే వాటిని రోజూ పలకరించకూడదు. షూబర్ట్ బోర్ కొడితే గ్రీగ్ రాసిన ఏ మైనర్ వాల్ట్జ్ ఉంది, ఓపస్ 12లో రెండోది. బ్రామ్స్ ఓపస్ 39లో 16 వాల్ట్జులున్నాయి, మొదట ఇద్దరు కలిసి నాలుగు చేతులతో వాయించడానికి రాసినవి. ఒక్కరు వాయించేలా ఆయనే మార్చాడు, ఇంకా తేలిక చేసి మరో రూపం కూడా ఇచ్చాడు. పదిహేనోది మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అమ్మాయిని మళ్ళీ పియానో దగ్గరికి రప్పించాలని ఉంటే ఆ నాలుగు చేతుల రూపంలో కింది భాగం తనకివ్వండి. బ్యాండ్ ఎలా మోగకూడదో తనకి ఇప్పటికే తెలుసు.

ఇప్పుడు రుబాటో. "ఫీలవ్వండి" అన్న సలహా నాకు నచ్చదు. ఫీలవ్వమంటే మనలో చాలామంది చేసేది ప్రతి బారు చివరా కాస్త సాగదీయడం. అప్పుడు ఊపు పోయి, మెట్ట మీద ఎడ్లబండి ఎక్కుతున్నట్టు అవుతుంది. షోపాన్ దగ్గర నేర్చుకున్నవాళ్లు రాసిపెట్టిన సంగతులు ఉన్నాయి. వాటి ప్రకారం ఎడమచేయి వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ లాంటిది, అది తాళం తప్పకూడదు. కుడిచేతికి స్వేచ్ఛ ఉంటుంది. ఆయన పియానో మీద ఎప్పుడూ మెట్రోనోమ్ ఉండేదని శిష్యుడు మికులి చెప్పాడు. రుబాటోకి అంత పేరున్న మనిషి పియానో మీద మెట్రోనోమ్ ఏమిటని చాలామంది ఆశ్చర్యపోతారు.

కర్ణాటక సంగీతం విన్నవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండకూడదు. తాళం ఆగదు. పాట సమానికి కాస్త ముందు ఎత్తుకోవచ్చు, దాటాక ఎత్తుకోవచ్చు, మధ్యలో ఒక మాటని సాగదీసి తర్వాతి మాటల్ని దగ్గరికి చేర్చుకోవచ్చు. చేతి మీద తాళం మాత్రం నడుస్తూనే ఉంటుంది. మీ ఎడమచేయి ఆ తాళం వేస్తున్న చేయి. దీన్ని నేర్చుకోవడానికి చాలామంది పియానో విద్యార్థులకి లేని సౌకర్యం మీకుంది, మీ గొంతు. ఎడమచేత్తో వాయిస్తూ కుడిచేతి పాటని పాడండి. మీరు పాడుతున్నప్పుడు మీకు తెలియకుండానే ఒకచోట నిలబడతారు, ఒకచోట ముందుకు జరుగుతారు. ఆ చోట్లని పెన్సిల్‌తో షీట్ మీద గుర్తుపెట్టుకోండి. పదహారు బార్లకి రెండు చోట్లకి మించొద్దు. తర్వాత అవే చోట్ల కుడిచేత్తో అదే చేయండి.

మీ వాల్ట్జ్‌లో మొదటి భాగం ఇందుకు బాగా అనువుగా ఉంటుంది. మొదట రెండు స్వరాలు కలిసి బరువుగా జారుతూ దిగే బార్లు, వాటికి బదులిస్తున్నట్టు తేలిగ్గా కదిలే బార్లు. మొదటి వాటిలో కొంచెం ఆగండి, తర్వాతి వాటిలో ఆ ఆలస్యాన్ని తీర్చేయండి. నాలుగు బార్లు తిరిగేసరికి తాళంతో లెక్క సరిపోవాలి. రెండో భాగంలో, కుడిచేయి ఆగకుండా పరుగెత్తేచోట, నా మాట విని రుబాటో జోలికి పోవద్దు. అక్కడ రచనలోనే కాస్త వేగం పెంచమని ఉంది. ఆ 'కాస్త' అన్నది మరిచిపోయి చాలామంది రెట్టింపు వేగంతో ఎత్తుకుని మూడో బారులో పడిపోతారు. ప్రతి బారులోనూ ఆరు స్వరాలుంటాయి. అన్నీ ఒకే బలంతో కొట్టకుండా బారు మొదటి స్వరం మీద ఆని మిగతావాటిని దాని మీద జారనివ్వండి. సాధన చేసేటప్పుడు ఒక బారు, దాని తర్వాతి బారులో మొదటి స్వరం, అక్కడ ఆగడం. అలా ఒక్కో బారుని తర్వాతిదానితో కుట్టుకుంటూ పోవాలి. తడబడేది బారు మధ్యలో కాదు, బారు మారేచోటే.

మధ్యభాగంలో నాలుగు షార్పులు పోయి అయిదు ఫ్లాట్లు వస్తాయి. అది చూసి చాలామంది కంగారుపడతారు, మీరు ఆ కంగారు గురించి రాయలేదు కానీ పడే ఉంటారు. పియానో మీద సి షార్ప్, డి ఫ్లాట్ రెండూ ఒకే నల్ల కీ. అంటే మీ షడ్జం మారలేదు. చుట్టూ ఉన్న స్వరాలు మారాయి. స్థూలంగా చెప్పాలంటే కీరవాణి ఛాయలోంచి అదే షడ్జం మీద శంకరాభరణంలోకి వచ్చారు. దారిలో అన్యస్వరాలు బోలెడు తగులుతాయి కాబట్టి రాగం లెక్క అక్షరాలా కుదరదు, కానీ ఆ వెలుగు మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెవికి తెలుస్తుంది. వేగం తగ్గించమని కూడా అక్కడే ఉంది. ఈ భాగాన్ని ముందు పూర్తిగా పాడండి, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో చూసుకోండి, ఆ తర్వాతే వాయించండి.

వినడానికి ఒక్క పేరు చెబుతాను, దీను లిపాటి. రొమేనియా ఆయన. 1950లో షోపాన్ వాల్ట్జులు పద్నాలుగూ రికార్డు చేశాడు. అదే ఏడాది సెప్టెంబరు 16న ఫ్రాన్స్‌లోని బెసాన్సోన్‌లో ఆఖరి కచేరీ. అప్పటికే బాగా జబ్బుపడి ఉన్నాడు. పద్నాలుగు వాల్ట్జులు ప్రోగ్రాంలో ఉంటే పదమూడు వాయించాక ఓపిక చాలక చివరిది వాయించలేకపోయాడు. డిసెంబరులో చనిపోయాడు, ముప్పై మూడేళ్లకి. ఆ కథ కోసం వినమని కాదు. ఆయన ఎడమచేయి ఎంత తక్కువ పని చేస్తున్నట్టు అనిపిస్తూ ఎంత పని చేస్తుందో వినమని. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాటని పట్టించుకోకుండా, రెండో మూడో బీట్లని మాత్రమే వెతకండి. కొన్నిచోట్ల దొరకవు కూడా, అంత మెల్లగా ఉంటాయి. ఆయనలా వాయించాలని మాత్రం ప్రయత్నించొద్దు. అతని రుబాటోని కాపీ కొడితే అది మీ నోట్లో అతికించిన మాటలా వినిపిస్తుంది.

వయసు గురించి అడిగారు. ఏ మైనర్ వాల్ట్జ్‌లో ఈ మేజర్ కార్డ్ ముక్కలుగా పై దాకా ఎగబాకే చోటు ఒకటుంది. అది దాటి వచ్చిన చేతులకి ఇది కూడా వస్తుంది. చేతికి నొప్పి వస్తే మాత్రం ఆపేయాలి. ముఖ్యంగా ఎడమ చిటికెన వేలి వైపు, మణికట్టు బయటి అంచున లాగుతున్నట్టు ఉంటే కుర్చీ ఎత్తు చూసుకోండి. మోచేయి కీల కంటే కిందికి ఉంటే అక్కడే లాగుతుంది.

ఇక రజతోత్సవం. మూడు నెలల్లో మొత్తం రచన సిద్ధమవుతుందని హామీ ఇవ్వను. అవసరం కూడా లేదు. దీని నిర్మాణం చూడండి. మొదటి భాగం, పరుగు భాగం, నెమ్మదైన మధ్యభాగం, మళ్ళీ పరుగు, మళ్ళీ మొదటిది, చివరికి మళ్ళీ పరుగు. షోపాన్ ముగించింది పరుగు భాగంతోనే. కాబట్టి మీరు మొదటి భాగం వాయించి, పరుగు భాగం వాయించి, రచన చిట్టచివర్లో ఉన్న బార్లతో ముగిస్తే అది మధ్యలో వదిలేసినట్టు ఉండదు. సొంత షడ్జం మీదే పూర్తవుతుంది. 64 బార్లు, ఎనిమిది ఆవర్తనాలు. భోజనాలకి ముందు ఆకలిమీదున్న బంధువులకి అంతకంటే ఎక్కువ వినిపించడం న్యాయం కూడా కాదు. ఎవరైనా ఇంకోటి అడిగితే అప్పటికి మీ చేతిలో షూబర్ట్ వాల్ట్జులు మూడు నాలుగు ఉంటాయి. వరసగా వాయించేయండి, ఆయన స్నేహితులకి వాయించింది కూడా అలాగే.

వాయించే ముందు వేగాన్ని మొదటి బారు చూసి నిర్ణయించుకోవద్దు. పరుగు భాగంలో మీకు అన్నిటికంటే కష్టమైన రెండు బార్లు ఏవో ఇప్పటికి తెలిసే ఉంటుంది. వాటిని మనసులో పాడుకుని, అవి తడబడకుండా ఏ వేగంలో వస్తాయో ఆ వేగం కంటే కాస్త తగ్గించి మొదలుపెట్టండి. మధ్యలో తప్పుపడితే వెనక్కి వెళ్లి దిద్దొద్దు. ఎడమచేయి నడుస్తూ ఉంటే కుడిచేయి ఎక్కడో ఒకచోట కలుస్తుంది, వినేవాళ్లకి తెలియను కూడా తెలియదు. ఆఖరి నెలలో వారానికి ఒకసారి అమ్మాయి ముందు, పక్కింటివాళ్ల ముందు, హెడ్‌ఫోన్స్ లేకుండా స్పీకర్‌తో వాయించండి. హెడ్‌ఫోన్స్‌లో బేస్ నిండుగా వినిపించి, మనం ఎంత గట్టిగా కొడుతున్నామో తెలియకుండా పోతుంది.

ఫంక్షన్ హాల్లో ఏం వాయిద్యం పెడతారో ముందే కనుక్కోండి. ఆర్కెస్ట్రావాళ్లు తెచ్చేది ఎక్కువగా 61 కీల కీబోర్డే, కీలకి బరువు ఉండదు, ఈ రచనకి ఆ నిడివి కూడా చాలదు. అలాంటిదైతే మీ పియానోనే స్టాండుతో సహా కారులో తీసుకెళ్లడం మేలు. పెడల్ మరిచిపోవద్దు. పాలరాతి నేల మీద అది జారిపోతుంది కాబట్టి కింద వేసుకోవడానికి ఒక రబ్బరు మ్యాట్ కూడా.